వ్యాను తాళం, డబ్బు కవరు ఒకే చేతిలో వద్దు: ఉత్సవ కమిటీల పెద్దలకు బహిరంగ లేఖ

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో పూజలూ యాత్రలూ జరిపించే కమిటీల పెద్దలకు నమస్కారం.

వినాయక చవితి పందిళ్ల లెక్కలు తేలకముందే మీ చేతికి దసరా చందా పుస్తకాలు వస్తాయి. దసరా అయిందో లేదో కాళీపూజ. రెండేళ్లకోసారి బరంపురంలో ఠాకురాణి యాత్ర సరేసరి. ఎక్కడ ఏ సంబరం జరిగినా రాత్రికి ఒక మెలొడీ పార్టీయో డాన్సు ట్రూపో ఉండి తీరాలి. ఆ ట్రూపుల్లో ఆడే అమ్మాయిలకు లెహంగాలూ జాకెట్లూ కుట్టేది నేను. మాది బరంపురంలో పాత నేతగాళ్ల వీధి. మగ్గం మీద బతుకు సాగినన్నాళ్లు మావాళ్లు పట్టు నేశారు, అది ఆగాక నేను కుట్టు మిషను ముందు కూర్చున్నాను. మీలో చాలామందికి నా కుట్టు తెలుసు, నేను తెలియను. ఈసారి అడ్వాన్సులు చేతులు మారకముందే కొన్ని సంగతులు మీ చెవిన వేద్దామని రాస్తున్నాను. ఏ కమిటీ పేరూ, ఏ ట్రూపు పేరూ ఇందులో ఉండదు. ఎవరికి తగలాలో వారికి తగులుతుంది.

కొలతలు ఇవ్వడానికి వచ్చే అమ్మాయిలు ఒకప్పుడు అద్దాలు ఎక్కువ కుట్టమనేవారు, అంచుకు జరీ పట్టీ వేయమనేవారు. ఈమధ్య గొంతు తగ్గించి అడిగేది లోపలి జేబు. లెహంగా నడుము పట్టీకి లోపలివైపు, బయటికి ఉబ్బు కనబడకుండా, ఒక ఫోనూ రెండు మూడు నోట్లూ పట్టేంత జేబు. జిప్పు వద్దంటారు, చప్పుడవుతుందని. ప్రెస్ బటన్ చాలంటారు. ఎందుకమ్మా అని అడిగితే ఒకమ్మాయి చెప్పింది: "ప్రోగ్రాం ముందు మా ఫోన్లన్నీ ట్రూపు నడిపే మాస్టరు సంచీలో వేయాలి పిన్నీ. మళ్లీ చేతికొచ్చేది వ్యాను దిగేటప్పుడే. ఇంట్లో పాత ఫోను ఒకటుంది, అది దాచుకుంటాను."

స్టేజీ మీద పాట ఆగేసరికి రాత్రి ఒంటిగంటో రెండో అవుతుంది. ఆ వేళ బస్సు ఉండదు, ఆటో దొరికినా ఎక్కే ధైర్యం ఉండదు. ట్రూపు వ్యానే దిక్కు. ఆ వ్యానులో ఎవరిని ముందు దించాలో, ఎవరిని ఆఖరున దించాలో మాస్టరు చెబుతాడు. దారిలో ఎవరి ఇల్లు ముందు వస్తుందన్న లెక్క అక్కడ పనిచేయదు. మొదటి వీధిలో ఇల్లున్న అమ్మాయి కూడా ఒక్కోసారి ఆఖరిదాకా కూర్చోవాలి. ఆ రాత్రి కూలి అతని దగ్గరే ఉంటుంది. "రేపు రూముకొచ్చి తీసుకో" అని అతను అనవచ్చు. వచ్చే వారం సోంపేటలో ప్రోగ్రాం ఉంటే ఎవరిని తీసుకెళ్లాలో అతని ఇష్టం. దీనికి తోడు దుస్తుల బాకీ. నా కుట్టుకూలి మాస్టరే కట్టి, తర్వాత అమ్మాయి కూలిలో కోసుకుంటాడు. నేను తీసుకున్నది తొమ్మిది వందలైతే ఆమె పద్దులో పదిహేను వందలు రాసి ఉన్నాయని, జాకెట్టు వదులు చేయించుకోవడానికి వచ్చిన పిల్ల మాటల్లో బయటపడింది. అప్పటినుంచి బిల్లు రాసి అమ్మాయి చేతికే ఇస్తున్నాను. దాంతో కొన్ని ట్రూపుల పని నాకు పోయింది. పోనీ.

కూలి, బండి, ఫోను, పాత బాకీ, రేపటి బుకింగు అన్నీ ఒక్క మనిషి గుప్పిట్లో ఉంటే అతను చెయ్యి చేసుకోనక్కరలేదు, గొంతు పెంచనక్కరలేదు. "ఇవాళ నిన్ను ఆఖరున దించుతాను" అంటే చాలు. మంచి మాస్టర్లు లేరా అంటే ఉన్నారు. ప్రోగ్రాముకు భార్యను వెంటబెట్టుకుని వచ్చే మాస్టరు, అమ్మాయి ఇంటి తలుపు తెరుచుకునేదాకా హెడ్‌లైట్లు వేసి వీధిలో ఆగే మాస్టరు నాకు తెలుసు. కానీ ఆడపిల్ల క్షేమంగా ఇల్లు చేరడమన్నది ఒకరి మంచితనం మీద వేలాడుతూ ఉండాలా? మాస్టరు మారితే ఆమె బతుకు మారిపోవాలా?

ఇది చిన్న ఊళ్ల చిల్లర గొడవ అని కొట్టిపారేయకండి. 2017 ఫిబ్రవరిలో కేరళలో పేరున్న ఒక నటిని కారులో ఎత్తుకుపోయి, నడుస్తున్న కారులోనే లైంగిక దాడి చేశారు. అదే ఏడాది అక్కడి ప్రభుత్వం జస్టిస్ హేమ నాయకత్వంలో కమిటీ వేసింది. మన తెనాలి ఆడపడుచు, నటి శారద అందులో సభ్యురాలు. 2019 డిసెంబరు ఆఖరున నివేదిక ప్రభుత్వానికి చేరింది. జనం చేతికి వచ్చింది 2024 ఆగస్టు 19న, అదీ పేర్లూ కొన్ని భాగాలూ తీసేశాక. కోట్లు పెట్టి తీసే సినిమాల సెట్ల మీద ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదనీ, బట్టలు మార్చుకునే చోటు లేదనీ, అందుకే రోజంతా మంచినీళ్లు తాగకుండా గడుపుతారనీ అందులో ఉంది. రాత్రిపూట హోటల్ గది తలుపులు కొట్టే మగవాళ్ల గురించి ఉంది. కాదన్న నటికి, నోరు విప్పిన నటికి అవకాశాలు రాకుండా చేయగల కొద్దిమంది పెద్దల గురించి ఉంది. ఆ కాగితాల సంగతులు పేపర్లో చదువుతుంటే నాకు వింత అనిపించలేదు. మీ పందిరి వెనక టార్పాలిన్ చాటున చీర అడ్డం పట్టుకుని ఒకరికొకరు కాపలా నిలబడి బట్టలు మార్చుకునే పిల్లలు కూడా సాయంత్రం నుంచి నీళ్లు ముట్టరు.

ఒక మాట పక్కకు వెళ్లి చెబుతాను. మన గంజాం ప్రహ్లాద నాటకంలో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. వేషం ఎక్కడ మార్చుకున్నా, చెట్టు చాటుకు వెళ్లినా వాళ్లకు చెల్లింది. ఇప్పుడు స్టేజీ మీద ఆడపిల్లలు ఆడుతున్నారు, జనరేటర్లు వచ్చాయి, ఎల్‌ఈడీ తెరలు వచ్చాయి, స్టేజీ వెనక ఏర్పాటు మాత్రం తాతలనాటిదే. లైటింగుకు పెట్టే ఖర్చులో రవ్వంత పెడితే తలుపూ గడియా ఉన్న ఒక గది, ఒక మరుగుదొడ్డి వస్తాయి.

తెలుగు సినిమా సంగతికి వస్తే, 2018 ఏప్రిల్లో నటి శ్రీరెడ్డి హైదరాబాద్ ఫిల్మ్ ఛాంబర్ ముందు నిరసన తెలిపినప్పుడు ఆమె నిరసన తీరు గురించి జరిగినంత చర్చ, అవకాశాల పేరుతో జరిగే లైంగిక దోపిడీ గురించి ఆమె చెప్పిన మాటల మీద జరగలేదు. తర్వాత తెలంగాణ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆ నివేదికను బయటపెట్టమని 2024 ఆగస్టులో నటి సమంత అడగవలసి వచ్చింది. ఆ మరుసటి నెలలోనే పేరున్న ఒక నృత్య దర్శకుడి మీద, ఆయన దగ్గర పనిచేసిన యువతి ఫిర్యాదు చేసింది. తనకు పద్దెనిమిదేళ్లు నిండకముందే వేధింపులు మొదలయ్యాయని ఆమె చెప్పడంతో పిల్లలపై లైంగిక నేరాలకు వర్తించే పోక్సో చట్టం కూడా చేర్చారు. అది కోర్టు తేల్చవలసిన కేసు, నేను తీర్పు చెప్పను. కానీ మన అమ్మాయిలకు వేసే ఎర ఏమిటో మీకూ తెలుసు: "హైదరాబాద్‌లో టీవీ షోకు పంపిస్తాను, సినిమా గ్రూపు డాన్సులో ఛాన్సు ఇప్పిస్తాను." ఆ మాట చెప్పే మాస్టరుకు హైదరాబాద్‌లో ఎవరూ తెలియకపోవచ్చు. తెలిసినా అక్కడి సంగతీ ఇదీ.

ఇప్పుడు మీరు అనబోయే మాట నాకు తెలుసు. "మేం ట్రూపుకు గుత్తగా ఇంత అని ఇచ్చాం. వాళ్ల లోపలి వ్యవహారం మాకెందుకు?" నా తమ్ముడు కోర్టులో గుమాస్తా. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రతి తెచ్చి, పక్కన కూర్చుని చదివి వినిపించాడు. రాజస్థాన్‌లో ఒక బాల్య వివాహాన్ని ఆపబోయినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైన భన్వరీ దేవి, ఆమె కోసం విశాఖ అనే సంస్థా మరికొందరూ వేసిన కేసు, 1997లో దాని మీద సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు, వాటి వెనకే వచ్చిన చట్టమిది. అది వర్తించే సంస్థల జాబితాలో వినోద కార్యక్రమాలు నడిపేవి కూడా ఉన్నాయి. ఉద్యోగిని అంటే నెలజీతగత్తె మాత్రమే కాదు, దినకూలి మనిషి కూడా, కాంట్రాక్టరు ద్వారా వచ్చిన మనిషి కూడా, అసలు యజమానికి ఆ సంగతి తెలిసినా తెలియకపోయినా సరే. పని కోసం యజమాని ఏర్పాటు చేసిన బండి కూడా పని ప్రదేశమే. అంటే రాత్రి రెండింటి వ్యాను కూడా. పని చోటుకు వచ్చే బయటివాళ్ల నుంచి రక్షణ కల్పించడం కూడా యజమాని విధే. ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి విన్నాక "మాకేం సంబంధం" అనే మాట ఎవరు అన్నా నా చెవికెక్కదు.

బయటివాళ్లు అంటే ప్రేక్షకులే కాదు. చిరిగిన జాకెట్లు బాగుచేయమని నా దగ్గరికి తెస్తారు. ఛాతీ దగ్గర గుడ్డ నిండా సన్నటి రంధ్రాలు, ఒక్కోచోట నూలు లాగేసి, చుట్టూ తుప్పు మరక. చందా బాగా ఇచ్చిన పెద్దమనిషి స్టేజీ ఎక్కి నోటును పిన్నీసుతో గుచ్చిన గుర్తులవి. కింద మీరు చప్పట్లు కొడతారు, మైకులో ఆయన పేరు చదువుతారు. గుడ్డకు వెనక ఒళ్లు ఉంటుంది గదా. ఒకమ్మాయి మచ్చ చూపించింది. ఆ నోటైనా ఆమెకు దక్కిందా అంటే, అది ట్రూపు లెక్కలోకి పోయింది. ఇక ప్రోగ్రాం ముగిశాక "పెద్దవాళ్లు వచ్చారు, గెస్ట్‌హౌస్‌లో రెండు పాటలు" అని అడిగే కమిటీలు కూడా ఉన్నాయి. ఆ రెండు పాటలకు మాస్టరు ఒప్పుకుంటాడు. ఆడవలసిన అమ్మాయిని అడిగేవారు ఉండరు.

ఏదైనా బయటపడితే మనకు అలవాటైన దారి ఒకటుంది. అమ్మాయి తండ్రిని పిలిపిస్తారు, కమిటీ ఆఫీసులో కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు, "పిల్ల పెళ్లి కావలసినది, పోలీసులదాకా ఎందుకు" అని కొంత డబ్బు చేతిలో పెట్టి పంపిస్తారు. ఆ 2013 చట్టం రాజీని ఒప్పుకుంటుంది గానీ, ముందుగా ఆ స్త్రీయే కోరుకోవాలి, డబ్బు ముట్టజెప్పడం దానికి ఆధారం కాకూడదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల విషయమైతే, తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే పోక్సో కింద నేరం. అప్పుడు మీ పెద్దరికం మిమ్మల్ని కాపాడదు. ట్రూపుల్లో పదహారేళ్ల పిల్లలున్నారు. కొలతలు తీసేదాన్ని, నాకు తెలుసు.

మన సరిహద్దు ఊళ్లకు ఇంకో చిక్కు ఉంది. ట్రూపు ఆంధ్రాలోని ఇచ్చాపురానిది, అమ్మాయి ఒడిశాలోని పర్లాకిమిడిది, ప్రోగ్రాం బరంపురం దగ్గర, తప్పు జరిగింది సరిహద్దులోని గిరిసోల దాటాక వ్యానులో. ఒడిశా ఠాణాకు వెళితే ఆంధ్రాకు పొమ్మంటారు, అక్కడికి వెళితే ఇక్కడికి పంపుతారు అన్న భయంతోనే చాలామంది గడప దాటరు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర ప్రక్రియ చట్టం 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం నమోదు చేయాలి, తర్వాత వాళ్లే సంబంధిత ఠాణాకు పంపుకోవాలి. ఇందాక చెప్పిన నృత్య దర్శకుడి కేసు కూడా హైదరాబాద్‌లో ఒక ఠాణాలో జీరో ఎఫ్ఐఆర్‌గా మొదలై ఇంకో ఠాణాకు వెళ్లింది. ఈ సంగతి తెలిసిన అమ్మాయి ఠాణా మెట్ల మీద నుంచి వెనక్కి తిరగదు.

పోలీసుల దగ్గరకే వెళ్లాలని కూడా లేదు. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, ఆ 2013 చట్టం కింద ప్రతి జిల్లాలో ఉండవలసిన స్థానిక కమిటీకి రాయవచ్చు. ట్రూపులోనే ఒక కమిటీ వేయించవచ్చు గదా అని ఒక పెద్దాయన నాతో అన్నారు. వేస్తే అందులో ఎవరు కూర్చుంటారు? మాస్టరు, మాస్టరు బావమరిది, కీబోర్డు వాయించే వాళ్ల అబ్బాయి. హేమ కమిటీ కూడా ఇదే చెప్పింది: లోపలి కమిటీ లోపలి పెద్దల చేతిలోనే ఉంటుంది, బయట స్వతంత్రమైన వేదిక కావాలని. మన ట్రూపుల మట్టుకు ఆ బయటి చోటు ఈ జిల్లా కమిటీయే. దానికి అధ్యక్షురాలు స్త్రీయే. ఫిర్యాదు మూడు నెలల్లోగా ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలల గడువు ఇవ్వవచ్చు. విచారణ తొంభై రోజుల్లో ముగియాలి. ఫిర్యాదు చేసినామె పేరు బయటపెట్టకూడదు. ప్రతి బ్లాకులోనూ, పట్టణమైతే ప్రతి వార్డులోనూ ఫిర్యాదు తీసుకునే ఒక అధికారి ఉండాలి, ఆయన ఏడు రోజుల్లో దాన్ని కమిటీకి పంపాలి. చట్టం వచ్చి పదేళ్లు దాటినా ఇవి కాగితం దాటలేదని 2024 డిసెంబరు 3న సుప్రీంకోర్టే గడువులు పెట్టింది, ఈ చట్టం అమలు చూసే జిల్లా అధికారులను ఆ నెలాఖరులోగా, స్థానిక కమిటీలను 2025 జనవరి 31లోగా వేయాలని. మీ వార్డు అధికారి ఎవరో మీలో ఎంతమంది చెప్పగలరు? మైకు లైసెన్సు కోసం ఎక్కే గడపల్లోనే ఒకచోట అడిగితే తెలుస్తుంది. ఛత్రపురంలోనో పర్లాకిమిడిలోనో కలెక్టరు ఆఫీసుకు ఒక దరఖాస్తు పెట్టి ఆ పేరూ చిరునామా రాయించుకోండి. గ్రీన్ రూములో అంటించండి. ఒడియాలోనూ తెలుగులోనూ అంటించండి, ఎందుకంటే మన పిల్లల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగైనా బడిలో చదువుకున్నది ఒడియా, ఇచ్చాపురం నుంచి వచ్చే పిల్లలకేమో ఒడియా అక్షరం రాదు.

కొందరు పెద్దలకు ఇదంతా వింటే ఒకటే ఉపాయం తోస్తుంది: "అయితే డాన్సులే మానేద్దాం, భజన పెట్టిద్దాం." భజన పెట్టించండి, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ దాన్ని ఆడపిల్లల రక్షణ అనకండి. తప్పు చేసినవాడు ఇంకో జిల్లాలో ట్రూపు పెట్టుకుంటాడు. ఆ డబ్బుతో తమ్ముడి కాలేజీ ఫీజు కట్టే అమ్మాయికి మాత్రం పొయ్యి ఆరిపోతుంది. వాళ్లు ఆడేది వాళ్లకు వచ్చిన పని, కష్టపడి నేర్చుకున్న పని. పొట్టి బట్టలు వేసుకుంటే ఇంతే గదా అనేవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఆ బట్టల కొలత అమ్మాయి చెప్పదు, మాస్టరు చెబుతాడు. మాస్టరుకు చెప్పేది మీ కమిటీ కుర్రాళ్లు. నా కొలతల పుస్తకం చూపించమంటే చూపిస్తాను.

అబద్ధపు ఫిర్యాదులు పెడితే అన్నది ఇంకో భయం. బుద్ధిపూర్వకంగా అబద్ధం చెబితే శిక్షకు ఆ 2013 చట్టంలోనే చోటుంది. రుజువు చూపలేకపోవడం మాత్రం అబద్ధం కిందికి రాదని కూడా అక్కడే ఉంది. అంతకు మించి దీని మీద వాదించే ఓపిక నాకు లేదు.

మిమ్మల్ని అడిగేది పెద్ద పనేమీ కాదు. ట్రూపుతో రాసుకునే కాగితంలో కొన్ని వాక్యాలు చేర్చండి. అమ్మాయిల కూలి మాస్టరుకు గుత్తగా ఇవ్వకుండా, ఎవరి డబ్బు వారి ఫోనుకో ఖాతాకో స్టేజీ ఎక్కకముందే వేయండి. చందాలు ఫోనులో వసూలు చేసే మీకు ఇది చేతకాదనుకోను. ఇంటికి చేర్చే బండి కమిటీదై ఉండాలి, అందులో మీ ఇంటి ఆడమనిషో అంగన్‌వాడీ కార్యకర్తో ఒకరు ఆఖరి అమ్మాయి దిగేదాకా కూర్చోవాలి, దించే వరుస ముందే కాగితం మీద ఉండాలి. డబ్బు ఒకరి చేతిలో, బండి ఇంకొకరి చేతిలో ఉంటే "ఆఖరున దించుతాను" అన్న మాటకు కోరలు ఉండవు. ఫోన్లు లాక్కోవడం కుదరదని రాయండి. పిన్నీసు నోట్లు నిషేధమని మైకులో చెప్పండి, ఎంత పెద్ద చందాదారు స్టేజీ ఎక్కబోయినా సరే. గెస్ట్‌హౌస్ పాటల గురించి విడిగా రాయనక్కరలేదనుకుంటాను.

ఈ వాక్యాలన్నీ తెలుగులోనూ ఒడియాలోనూ ఒక పేజీలో నా తమ్ముడు రాసి పెట్టాడు. కావాలని కబురు పెట్టిన కమిటీకి పంపిస్తాను. ఈ దసరాకు దాని మీద సంతకం చేసి, ఒక ప్రతి గ్రీన్ రూములో అంటించిన కమిటీ ఏ ట్రూపును పిలిచినా, ఆ అమ్మాయిల దుస్తులు సగం కూలికి కుడతాను. బిల్లు మాత్రం అమ్మాయిల పేరునే రాస్తాను.

ఇట్లు,
బరంపురంలో డాన్సు దుస్తులు కుట్టే ఒక దర్జీ